వాణిజ్య వాహనాల వర్గీకరణ: విశాఖ రవాణా గణాంకాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం రోడ్ల మీద వాహనాలను లెక్కించే ఇంజనీరింగు విద్యార్థులూ, సర్వే బృందాలూ, టోల్, రిజిస్ట్రేషన్ గణాంకాలను విశ్లేషించేవారూ ఎక్కువగా తడబడేది ఏ బండిని ఏ గడిలో వేయాలన్న దగ్గరే. ఆ విషయంలో పదేపదే ఎదురయ్యే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలున్నాయి.

చట్టం దృష్టిలో వాణిజ్య వాహనం అంటే ఏది?

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో మన పనికి ఆధారంగా నిలిచే నిర్వచనం 'రవాణా వాహనం' అన్నది. ప్రజాసేవా వాహనాలు, సరకు రవాణా వాహనాలు, విద్యాసంస్థల బస్సులు, ప్రైవేటు సర్వీసు వాహనాలు ఈ నిర్వచనం కిందికి వస్తాయి. అంటే ద్వారకా బస్ స్టేషన్ నుంచి బయలుదేరే ఆర్టీసీ బస్సు, కాన్వెంట్ జంక్షన్ దగ్గర వరుసలో నిలిచిన లారీ, పసుపుపచ్చ స్కూలు బస్సు, పరవాడ ఫార్మా కంపెనీలకు ఉద్యోగులను తీసుకెళ్లే షిఫ్టు బస్సు, వీధి మలుపులో ఆగిన ఆటో, అన్నీ రవాణా వాహనాలే.

అయితే రోడ్డు మందాన్ని నిర్ణయించే ఇంజనీరు 'వాణిజ్య వాహనాలు రోజుకు ఎన్ని' అని అడిగినప్పుడు ఆయన మనసులో ఉన్న అర్థం వేరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వెలువరించిన రోడ్డు మందపు మార్గదర్శకం ఐఆర్‌సీ:37 ప్రకారం, స్థూల బరువు (బండి, సరకు కలిపి) 3 టన్నులు గానీ అంతకు మించి గానీ ఉన్న వాహనాలనే ఆ లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి ట్యాక్సీ, ఆటో చట్టం దృష్టిలో రవాణా వాహనాలైనా ఆయన లెక్కలోకి రావు. నివేదికలో 'వాణిజ్య వాహనాలు' అని రాసే ముందు ఏ అర్థంలో వాడుతున్నదీ ఒక వాక్యంలో చెప్పడం తప్పనిసరి.

నంబరు పలక చూసి తేల్చేయవచ్చు కదా?

కొంతవరకు తేల్చవచ్చు. పసుపు పలక మీద నల్ల అక్షరాలుంటే రవాణా వాహనం, తెల్ల పలక మీద నల్ల అక్షరాలుంటే సొంత వాహనం. విద్యుత్ వాహనాలకు ఆకుపచ్చ పలక ఉంటుంది. దాని మీద అక్షరాలు తెల్లగా ఉంటే సొంతానికీ, పసుపుగా ఉంటే రవాణాకూ అని గుర్తు. మన రాష్ట్రంలో రవాణా వాహనాల సిరీస్ టి నుంచి వై వరకు ఉన్న అక్షరాలలో ఒకదానితో మొదలవుతుంది. ఆర్టీసీ బస్సులను జెడ్ అక్షరం పట్టిస్తుంది.

జిల్లా మాత్రం పలక మీద నుంచి తెలియదు. ఒకప్పుడు ఏపీ 31 అని చూడగానే విశాఖ బండి అని చెప్పగలిగేవాళ్లం. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 కోడు రావడంతో ఆ సౌకర్యం పోయింది. పలకలోని కోడు ఆధారంగా బండి ఏ ఊరినుంచి వచ్చిందో అంచనా వేసే పాత ప్రోగ్రాములు ఎవరి దగ్గరైనా ఉంటే వాటిని పక్కన పెట్టడం మంచిది. అవి తప్పు సమాధానాన్నే ధీమాగా చెబుతాయి.

ఇన్ని రకాల వర్గీకరణలు ఎందుకున్నాయి? ఏది సరైనది?

ఎవరి అవసరం వారిది కాబట్టే ఇన్ని ఉన్నాయి. డ్రైవింగు లైసెన్సు, పర్మిట్ల కోసం చట్టం బరువును చూస్తుంది. 7,500 కిలోల లోపు తేలికపాటి వాహనం, 12,000 కిలోలు దాటితే భారీ సరకు వాహనం, ఈ రెంటికీ నడుమ ఉన్నది మధ్యతరహా. తేలికపాటి వాహనాల లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని కూడా నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది గనుక ఈ హద్దుకు ప్రాముఖ్యం ఇంకా పెరిగింది.

వాహనాల తయారీ ఆమోదం కోసం వాడే ఏఐఎస్-053 ప్రమాణంలో హద్దులు వేరు. సరకు వాహనాలలో 3.5 టన్నుల వరకు ఎన్1, అక్కడి నుంచి 12 టన్నుల వరకు ఎన్2, ఆపైన ఎన్3. ప్రయాణికుల వాహనాలకు ఎం1, ఎం2, ఎం3 అనీ, మూడు చక్రాల వాటికి ఎల్5 అనీ పేర్లున్నాయి. టోల్ వసూలుకు ఆధారమైన 2008 జాతీయ రహదారుల ఫీజు నిబంధనలు బరువుతో పాటు ఇరుసులను కూడా లెక్కిస్తాయి. కార్లు, తేలికపాటి వాణిజ్య వాహనాలు, రెండు ఇరుసుల లారీలు, బస్సులు, మూడు ఇరుసులవి, నాలుగు నుంచి ఆరు ఇరుసులవి, ఏడూ అంతకు మించి ఇరుసులున్నవి అని అక్కడి వరుస.

చిక్కంతా ఒకే పేరు రెండు చోట్ల రెండు అర్థాలతో తిరగడంలో ఉంది. వాహన పరిశ్రమ విక్రయాల లెక్కల్లో ఎల్‌సీవీ (తేలికపాటి వాణిజ్య వాహనం) అంటే 7.5 టన్నుల వరకు ఉన్న వాణిజ్య వాహనం. టోల్ నిబంధనల్లో ఎల్‌సీవీ అంటే 7,500 కిలోలకు పైబడి 12,000 కిలోల లోపు ఉన్నది. ఒకరి ఎల్‌సీవీ ముగిసే చోట మరొకరి ఎల్‌సీవీ మొదలవుతోందన్నమాట. ఈ రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి 'ఎల్‌సీవీల అమ్మకాలు పెరిగినా టోల్ దగ్గర అవి పెరగలేదు' అని నిర్ధారణకు వచ్చే విశ్లేషణకు పునాదే లేదు.

అయితే క్షేత్రంలో ఏ వర్గీకరణతో లెక్కించాలి?

ఏ వర్గీకరణతోనూ లెక్కించవద్దన్నది మా అభిప్రాయం. కంటికి కనిపించే లక్షణాలను నమోదు చేసి, వర్గాన్ని తరువాత కంప్యూటరులో నిర్ణయించుకోవాలి. నేలను తాకుతున్న ఇరుసులు ఎన్ని, పైకెత్తినవి ఎన్ని, ఒక్కో ఇరుసుకు టైర్లు ఎన్ని, బాడీ ఏ రకం (ఓపెన్ బాడీ, టిప్పర్, ట్యాంకర్, కంటైనర్, మూసిన వ్యాను), ట్రైలర్ తగిలించి ఉందా, పలక రంగు ఏమిటి, సరకుతో ఉందా ఖాళీగా ఉందా అన్నవి రాసుకుంటే చాలు. బరువు కంటికి కనిపించదు గనుక మోడల్ పేరు గుర్తుపట్టగలిగితే అదీ రాయాలి. ఈ లక్షణాల నుంచి టోల్ వర్గాన్నైనా, ఐఆర్‌సీ వర్గాన్నైనా, ఏఐఎస్ వర్గాన్నైనా రాబట్టవచ్చు. ఒకసారి 'భారీ వాహనం' అని మాత్రమే రాసిపెట్టిన వరుసలోంచి ఇరుసులను ఎవరూ తిరిగి రాబట్టలేరు.

సర్వే కాగితం మీద ఇన్ని గడులు పెడితే లెక్కించేవారు అలసిపోతారన్న అభ్యంతరం న్యాయమైనదే. రద్దీ కూడళ్లలో వీడియో తీసి తరువాత నింపుకోవడం, వీలుకాని చోట లారీలకు మాత్రమే వివరాలు రాసి ద్విచక్రవాహనాలకు, కార్లకు గీతలు పెట్టుకుంటూ పోవడం ఆచరణలో నెగ్గే పద్ధతి.

డ్రైవర్లు 'పది టైర్ల బండి', 'పన్నెండు టైర్ల బండి' అంటారు. ఆ మాట నుంచి ఇరుసులు తెలుస్తాయా?

చాలావరకు తెలుస్తాయి. గాజువాక ఆటోనగర్లో ఎవరిని అడిగినా టైర్ల లెక్కే చెబుతారు కాబట్టి ఈ మార్పిడి నేర్చుకోవడం అవసరం. ఆరు టైర్ల లారీకి ముందు రెండు, వెనుక జంటలుగా నాలుగు, అంటే ఇరుసులు రెండు. పది టైర్లకు ముందు ఒక ఇరుసు, వెనుక జంట టైర్లతో రెండు, వెరసి మూడు. పన్నెండు టైర్ల బండి ఎలా అమరినా నాలుగు ఇరుసులే అవుతుంది. ముందు స్టీరింగు ఇరుసులు రెండుండి వెనుక జంట టైర్ల ఇరుసులు రెండుండవచ్చు, లేదా పది టైర్ల బండికి ఒంటి టైర్ల లిఫ్ట్ ఇరుసు (ఖాళీగా ఉన్నప్పుడు పైకెత్తగలిగేది) ఒకటి చేర్చి ఉండవచ్చు. పద్నాలుగు టైర్లలో ముందు రెండు ఇరుసులు, వెనుక జంట టైర్లవి రెండు, మధ్యలో ఒంటి టైర్ల లిఫ్ట్ ఇరుసు ఒకటి కలిసి ఐదు.

పదహారు టైర్ల దగ్గర ఆగి చూడాలి. ముందు రెండు ఇరుసులకు నాలుగు, వెనుక మూడింటికి పన్నెండు టైర్లయితే అవీ ఐదు ఇరుసులే. పద్నాలుగు టైర్లదీ పదహారు టైర్లదీ టోల్ పట్టికలో ఒకే వర్గం, రోడ్డు మీద పడే భారం మాత్రం వేరు. ట్రైలర్లలో రెండు ఇరుసుల గుర్రం (ట్రైలర్‌ను లాగే ముందు బండి) వెనుక మూడు ఇరుసుల ట్రైలర్ ఉంటే పద్దెనిమిది టైర్లు, ఐదు ఇరుసులు. మూడు ఇరుసుల గుర్రమైతే ఇరవై రెండు టైర్లు, ఆరు ఇరుసులు. కంటైనర్ టెర్మినల్ వైపు నిలబడి చూస్తే ఈ రెండు రకాలూ వెంటనే పోల్చుకోవడం అలవడుతుంది.

పైకెత్తిన లిఫ్ట్ ఇరుసును లెక్కలోకి తీసుకోవాలా?

రెండు విడి గడుల్లో రాయాలి. టోల్ వర్గానికి బండికున్న మొత్తం ఇరుసులు కావాలి, రోడ్డు మీద భారానికి నేలను తాకినవి మాత్రమే కావాలి. రోడ్డుకు అడ్డంగా వేసిన రబ్బరు గొట్టాల కౌంటరుకు ఎత్తిన ఇరుసు కనిపించదు. అందువల్ల ఒకే బండి వెళ్లేటప్పుడు ఐదు ఇరుసులతోనూ ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు నాలుగింటితోనూ నమోదవుతుంది. రెండు దిశల లెక్కలూ పొంతన కుదరడం లేదని సిబ్బందిని తప్పుపట్టే ముందు ఈ కారణాన్ని పరిశీలించాలి.

ట్రాక్టర్లు, జేసీబీలు ఏ గడిలోకి వస్తాయి?

కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం వ్యవసాయ ట్రాక్టరు రవాణా వాహనం కాదు, నిర్మాణ యంత్రాలు కూడా కావు. కానీ ఇటుకలు, ఇసుక, కంకర వేసుకొని సబ్బవరం, ఆనందపురం దారుల్లో తిరిగే ట్రాక్టరు ట్రక్కు రోడ్డు మీద చేసే పని సరకు రవాణాయే. రిజిస్ట్రేషన్ గణాంకాలను మాత్రమే నమ్ముకున్న విశ్లేషణలో ఈ సరకు అంతా మాయమవుతుంది. అందుకే 'ట్రైలర్ తగిలించిన ట్రాక్టరు' అనే గడి విడిగా ఉండాలి. ఊరి బయట రోడ్ల సామర్థ్యాన్ని లెక్కించే ఐఆర్‌సీ:64 కూడా ట్రైలర్ ఉన్న ట్రాక్టరును 4.5 కార్లకు సమానంగా లెక్కిస్తుంది.

ఆర్టీసీ, స్కూలు, కంపెనీ బస్సులను ఒకే గడిలో వేయవచ్చా?

రోడ్డు సామర్థ్యపు లెక్కకు వేయవచ్చు, ప్రయాణాల విశ్లేషణకు వేయకూడదు. కూర్మన్నపాలెం వైపు ఉక్కు కర్మాగారం షిఫ్టు మారే వేళల్లో కనిపించే బస్సులను ప్రజారవాణా సేవగా చూపితే ఆ ప్రాంతానికి లేని సౌకర్యాన్ని కాగితం మీద కల్పించినట్టే.

ప్యాసింజరు ఆటో, ట్రాలీ ఆటో, ఈ-రిక్షా, టాటా ఏస్: వీటిని ఎలా విడదీయాలి?

పూర్ణా మార్కెట్ పరిసరాల్లో ఒక గంట లెక్కించినవారికి ఈ ప్రశ్న బరువు తెలుస్తుంది. మూడు చక్రాల వాటిలో మనుషులను ఎక్కించేది ఎల్5ఎం, సరకుకు వెనుక తొట్టి ఉన్న ట్రాలీ ఆటో ఎల్5ఎన్. ఈ-రిక్షా వీటి నుంచి వేరు. నియమాల ప్రకారం దాని మోటారు శక్తి 4,000 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు మించకూడదు. 2005లో వచ్చిన టాటా ఏస్, ఆ తరహా చిన్న బండ్లు నాలుగు చక్రాల ఎన్1 వర్గానివి. వీటిని ట్రాలీ ఆటోలతో కలిపి 'చిన్న సరకు వాహనాలు' అని రాయడం సర్వేల్లో తరచుగా కనిపిస్తుంది. నగరంలోని సరకు పంపిణీని అధ్యయనం చేయాలనుకుంటే ఈ కలపడమే అసలు విషయాన్ని మింగేస్తుంది, ఎందుకంటే మారుతున్నది సరిగ్గా ఆ రెండింటి నిష్పత్తే. కూరగాయల బస్తాలు మోసే ప్యాసింజరు ఆటో సంగతేమిటంటారా? వర్గం మార్చవద్దు, 'సరకుతో ఉంది' అన్న గడిలో గుర్తు పెట్టండి.

పీసీయూ గుణకాలు ఎక్కడివి వాడాలి?

పీసీయూ గుణకం అంటే రద్దీ లెక్కలో ఒక బండి ఎన్ని కార్లకు సమానమో చెప్పే సంఖ్య. ఊరి బయట రోడ్లకు ఐఆర్‌సీ:64, నగర రోడ్లకు ఐఆర్‌సీ:106. మొదటిదాని ప్రకారం లారీకి, బస్సుకు 3.0. రెండవదానిలో గుణకం స్థిరంగా ఉండదు, మొత్తం రద్దీలో ఆ వర్గం వాటాను బట్టి మారుతుంది. లారీలు, బస్సులు 5 శాతంగా ఉంటే 2.2, 10 శాతమూ ఆపైన ఉంటే 3.7. ఆటోకు అదే విధంగా 1.2, 2.0. ఉదాహరణకు ఒక కూడలిలో గంటకు 100 లారీలు, బస్సులు పోతున్నాయనుకుంటే వాటి విలువ 220 కావచ్చు, 370 కావచ్చు. తేడా అంతా అవి మొత్తంలో ఎంత శాతమన్న దాని మీద ఆధారపడి ఉంది, ఆ శాతం వర్గీకరణ మీద ఆధారపడి ఉంది. ఎన్‌ఏడీ జంక్షన్ వంటి చోట జాతీయ రహదారి రద్దీ, నగర రద్దీ కలుస్తాయి కాబట్టి ఏ పుస్తకం వాడారో నివేదికలో చెప్పకపోతే ఆ సంఖ్యను మరొకరు సరిచూడలేరు.

రోడ్డు మన్నికకు వర్గీకరణతో అంత పనేమిటి?

రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు భారానికి నాలుగో ఘాతంగా పెరుగుతుంది. భారం రెట్టింపయితే నష్టం పదహారు రెట్లు. జంట టైర్లున్న ఒంటరి ఇరుసుకు ప్రామాణిక భారం (నష్టాన్ని పోల్చి చూడటానికి ఆధారంగా తీసుకునేది) 80 కిలోన్యూటన్లు, అంటే సుమారు 8.16 టన్నులు. 2018 జులైలో కేంద్రం ఇటువంటి ఇరుసుకు అనుమతించే భారాన్ని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. రెండు ఇరుసుల లారీ స్థూల బరువు పరిమితి 16.2 నుంచి 18.5 టన్నులకు, మూడు ఇరుసులది 25 నుంచి 28.5కు చేరింది. ఇరుసు భారంలో పెరుగుదల సుమారు 13 శాతం. నాలుగో ఘాతపు సూత్రంలో వేసి చూస్తే ఒక్కో ఇరుసు చేసే నష్టం ప్రామాణిక ఇరుసుతో పోల్చినప్పుడు 2.4 రెట్ల నుంచి 3.9 రెట్లకు, అంటే సుమారు 62 శాతం పెరిగింది. లారీల సంఖ్య ఒక్కటి కూడా పెరగకుండానే 2018కి ముందరి అంచనాలు పాతబడిపోయాయన్నమాట.

టైర్ల సంఖ్యను విడిగా రాయమనడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఒంటి టైర్లున్న ఇరుసుకు ప్రామాణిక భారం 65 కిలోన్యూటన్లే, పక్కపక్కనున్న రెండు ఇరుసుల జోడుకు 148, మూడింటి గుంపుకు 224. 'ఐదు ఇరుసుల బండి' అని మాత్రమే తెలిస్తే ఈ సూత్రాల్లో దేనిలో వేయాలో తెలియదు.

ఇరుసు భారపు సర్వేకు ఎన్ని బండ్లను తూయాలన్నది ఐఆర్‌సీ:37 చెబుతుంది. రోజుకు 3,000 లోపు వాణిజ్య వాహనాలుంటే 20 శాతం, 6,000 వరకు 15 శాతం, ఆపైన 10 శాతం. విశాఖలో దీనికి తోడు మరో జాగ్రత్త అవసరం. రేవు నుంచి బొగ్గు, ఎరువులు నింపుకొని షీలానగర్ వైపు వచ్చే లారీల్లో చాలా వరకు తిరుగు దారిలో ఖాళీగానే పోతాయి. రెండు దిశలనూ కలిపి సగటు తీస్తే బరువైన వైపు రోడ్డు పలచగా, తేలికైన వైపు అనవసరంగా మందంగా తయారవుతుంది. దిశలవారీగా తూచి, దిశలవారీగానే రాయాలి.

ఎన్ని రోజులు, ఏ కాలంలో లెక్కించాలి?

ఐఆర్‌సీ:9 ప్రకారం ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి వరుసగా ఏడు రోజులు, ఇరవై నాలుగు గంటలూ లెక్కించాలి. ఒకటి పంటలు మార్కెట్టుకు చేరే కాలంలో, రెండవది మందకొడి కాలంలో. మన ప్రాంతంలో అనకాపల్లి బెల్లం మార్కెట్టు జోరుగా ఉండే నెలలు మొదటిదానికి సరిపోతాయి. ఫిషింగ్ హార్బర్ దగ్గర లెక్కించేవారు తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధాన్ని గుర్తుంచుకోవాలి. ఆ 61 రోజుల్లో ఐసు పెట్టెల వ్యాన్లు తగ్గిపోవడం మార్కెట్టు పతనానికి సూచన కాదు. సంక్రాంతి వారాన్ని తప్పించడం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

టోల్ ప్లాజా ఫాస్టాగ్ గణాంకాలు దొరికితే క్షేత్ర సర్వే అవసరమా?

అవసరమే. వేంపాడు, నాతవలస వంటి ప్లాజాల గణాంకాలు ఏడాది పొడవునా దొరుకుతాయి, సంఖ్య విషయంలో మనుషుల లెక్క కంటే నమ్మదగినవి. అయితే అక్కడి వర్గం ట్యాగు జారీ అయిన రోజున రాసిన వర్గం. దానిలో బాడీ రకం లేదు, ఖాళీనా సరకుతో ఉందా అన్నది లేదు, ద్విచక్రవాహనాలకు టోల్ లేదు కాబట్టి అవి లెక్కలోకే రావు. పైగా ప్లాజాలు నగరానికి ఆవల ఉంటాయి. మల్కాపురం నుంచి బయలుదేరి గాజువాకలో ఆగిపోయే ట్యాంకరు ఏ ప్లాజానూ దాటదు.

వీడియో నుంచి కృత్రిమ మేధ నమూనాలు వర్గీకరిస్తాయి కదా, వాటిని నమ్మవచ్చా?

స్థానిక చిత్రాలతో మళ్లీ శిక్షణ ఇచ్చిన తరువాత నమ్మవచ్చు. చాలా నమూనాలకు మూలమైన కోకో చిత్ర సంపుటిలో కారు, బస్సు, ట్రక్కు, మోటారుసైకిలు ఉన్నాయి గానీ ఆటో అనే వర్గమే లేదు. ఆటో కనిపించినప్పుడు అలాంటి నమూనా దానిని కారనో ట్రక్కనో రాస్తుంది, లేదా అసలు గుర్తించకుండా వదిలేస్తుంది. హైదరాబాదు, బెంగళూరు రోడ్ల చిత్రాలతో ట్రిపుల్ ఐటీ హైదరాబాదు రూపొందించిన ఐడీడీ సంపుటిలో ఆటోకు చోటుంది కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టడం మేలు.

ఖచ్చితత్వాన్ని ఒకే శాతంగా చెప్పే నివేదికను అనుమానంతో చదవాలి. నగరంలో ద్విచక్రవాహనాలే అధికం కాబట్టి వాటిని సరిగా గుర్తిస్తే చాలు, శాతం ఘనంగా కనిపిస్తుంది. బహుళ ఇరుసుల లారీలన్నిటినీ తప్పుగా రాసినా అది పెద్దగా తగ్గదు. ఏ వర్గం ఏ వర్గంగా పొరబడిందో చూపే పట్టికను అడిగి తీసుకోండి.

అమెరికా అధ్యయనాల్లో కనిపించే 'క్లాస్ 8' మన ఏ వర్గానికి సమానం?

ముందు ఏ క్లాస్ 8 అన్నది తేల్చుకోవాలి. అక్కడి బరువు వర్గీకరణలో క్లాస్ 8 అంటే 33,000 పౌండ్లకు, అంటే సుమారు 15 టన్నులకు మించిన బండి. అక్కడి ఫెడరల్ హైవే శాఖ ఇరుసుల ఆధారంగా చేసిన 13 వర్గాల పద్ధతిలో క్లాస్ 8 అంటే నాలుగు లేదా అంతకు తక్కువ ఇరుసులతో ఒక ట్రైలర్ లాగే బండి. ఐదు ఇరుసులున్న ఒంటి ట్రైలర్ బండి క్లాస్ 9. మన రోడ్లపై విరివిగా తిరిగే ముందు రెండు స్టీరింగు ఇరుసుల పన్నెండు టైర్ల లారీకి ట్రైలర్ ఉండదు కాబట్టి అది ఆ పద్ధతిలో క్లాస్ 7లోకి చేరుతుంది. పట్టికలను నేరుగా అతికించకుండా ఇరుసులు, ట్రైలర్ల ఆధారంగా కొత్తగా మార్చుకోవాలి.

పదేళ్ల కిందటి లెక్కలతో నేటివి పోల్చవచ్చా?

పోల్చవచ్చు, మూడు మార్పులను దృష్టిలో పెట్టుకుంటే. ఒకటి, పైన చెప్పిన 2018 నాటి భార పరిమితి. రెండు, అనకాపల్లి నుంచి సబ్బవరం మీదుగా ఆనందపురం చేరే ఆరు వరుసల బైపాస్. చెన్నై, కోల్‌కతాల మధ్య తిరిగే లారీకి ఇప్పుడు నగరంలోకి రావలసిన పనిలేదు. మద్దిలపాలెం, హనుమంతవాక దగ్గర పెద్ద లారీలు తగ్గాయంటే సరకు తగ్గిందని అర్థం కాదు. మూడు, 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడిగా ఏర్పడ్డాయి. 'విశాఖ జిల్లా' అన్న పేరుతో ఉన్న పాత వరుసనూ కొత్త వరుసనూ ఒకే గీతగా గీయకూడదు.

వాహన నంబర్లను గణాంకాలతో పాటు పంచుకోవచ్చా?

వద్దు. విశ్లేషణకు ఒకే బండి రెండుసార్లు కనిపించిందా అన్నది తెలిస్తే చాలు కాబట్టి నంబరు స్థానంలో వెనక్కి మార్చలేని సంకేతాన్ని ఉంచి, అసలు జాబితాను విడిగా భద్రపరచాలి.

ఏ గడిలోనూ ఇమడని బండి వస్తే?

'ఇతరాలు' అనే గడి ఉండాలి, దాని పక్కన రెండు మాటలు రాసే చోటు కూడా ఉండాలి. భారీ యంత్రాలను మోసే హైడ్రాలిక్ ట్రైలర్లు, క్రేన్లు, ట్రాలీ ఆటోను మార్చి చేసిన టిఫిన్ బండ్లు అందులోకి వెళతాయి. హైడ్రాలిక్ ట్రైలర్‌ను పొరపాటున కూడా సాధారణ ఏడు ఇరుసుల గడిలో కలపవద్దు. ఈ-వే బిల్లు (సరకు తరలింపుకు జీఎస్టీ కింద తీసుకునే పత్రం) నిబంధనలు కూడా పరిమాణం మించిన సరకును వేరుగా చూస్తాయి, మామూలు లారీకి రోజుకు 200 కిలోమీటర్ల చొప్పున గడువిస్తే దానికి 20 కిలోమీటర్ల చొప్పున ఇస్తాయి. ఇతరాల గడిలో ఒకే రకం బండి పదేపదే కనిపిస్తుంటే, తరువాతి సర్వే కాగితంలో దానికి సొంత గడి ఇవ్వాలి.